కారు ఏసీ చల్లబడటం లేదా? గ్యాస్ నింపించే ముందు ఇంటి దగ్గరే చూసుకోవలసినవి

ఏప్రిల్ సగం దాటిందంటే వరంగల్, హనుమకొండలలో కారు ఏసీ బాగుచేసే షెడ్ల ముందు బండ్లు బారులు తీరుతాయి. అక్కడ తరచుగా వినిపించే మాట ఒక్కటే: "గ్యాస్ తగ్గింది సార్, నింపితే సరిపోతుంది." నింపుతారు. కొన్నాళ్లు చల్లగానే ఉంటుంది. రోహిణి కార్తె వచ్చేసరికి మళ్లీ వేడిగాలి.

ఏసీలో ఉండే గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాలలో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల నుంచి, అతుకుల నుంచి ఏటా కొద్దిగా తగ్గడం సహజమే. ఒక్క వేసవిలోనే చల్లదనం పోయేంతగా తగ్గిందంటే మాత్రం ఎక్కడో కారుతోందని అర్థం. అసలు గ్యాస్‌తో సంబంధం లేని లోపాలు బోలెడు. కాబట్టి గ్యాస్ మాట ఆఖరున రావాలి. దానికి ముందు చూడవలసినవాటిలో చాలా భాగం ఇంటి ముందు, చెట్టు నీడలో మనమే చూసుకోవచ్చు.

ముందు ఏసీ పని తీరు

బెల్టుతో తిరిగే కంప్రెసర్ గ్యాస్‌ను నొక్కి వేడెక్కిస్తుంది. ఆ వేడి గ్యాస్ రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లోకి వెళ్లి, గాలి తగిలి, వేడిని వదిలి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం ఎక్స్‌పాన్షన్ వాల్వులోని సన్నని దారి దాటగానే పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు డ్యాష్‌బోర్డు వెనక ఉన్న కూలింగ్ కాయిల్‌లో అది మరుగుతూ, లోపలి గాలి నుంచి వేడిని లాక్కుంటుంది. చాలా కార్లలో ఉండే ఆర్134ఏ గ్యాస్ మామూలు వాతావరణ పీడనంలో మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది.

అంటే ఏసీ చేసేదల్లా లోపలి వేడిని మోసుకెళ్లి బయట వదలడం. బయట 44 డిగ్రీలున్నప్పుడు ఆ వదలడమే కష్టం. అందుకే రామగుండం, ఆదిలాబాద్ ఎండలలో కండెన్సర్ వైపు చిన్న లోపం ఉన్నా కొట్టొచ్చినట్టు బయటపడుతుంది. అదే లోపం డిసెంబరులో ఉన్నట్టు కూడా తెలియదు.

కావలసినవి, జాగ్రత్తలు

ఒక డిజిటల్ థర్మామీటరు, టార్చిలైటు, మల్టీమీటరు, మెత్తటి బ్రష్షు, నీళ్ల పైపు, సబ్బునీళ్ల స్ప్రే సీసా, కారుతో పాటు ఇచ్చిన పుస్తకం. ఇవి చాలు.

ఇంజిన్ నడుస్తుండగా బెల్టుల దగ్గరికి చున్నీ, వదులు చొక్కా చేతులు, గొలుసులు పోనివ్వకండి. రేడియేటర్ ఫ్యాన్ ఇంజిన్ ఆపేశాక కూడా తనంతట తాను తిరగవచ్చు, వేళ్లు పెట్టకండి. షట్టరు వేసిన గదిలో ఇంజిన్ నడిపి పరీక్షించడం ప్రాణాపాయం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. గ్యాస్ పైపుల నట్లు ఏ కారణంతోనూ విప్పకండి. బయటికి తన్నుకొచ్చే గ్యాస్ చర్మానికి తగిలితే గడ్డకట్టి గాయమవుతుంది, కంటికి తగిలితే మరీ ప్రమాదం. మీది ఎలక్ట్రిక్ లేదా హైబ్రిడ్ కారైతే కంప్రెసర్‌కు వెళ్లే నారింజ రంగు కేబుళ్ల జోలికి అసలు వెళ్లకండి. వాటిలో వందల వోల్టుల కరెంటు ఉంటుంది. అలాంటి బండికి ఫిల్టరు, కండెన్సర్ శుభ్రం వరకే మన పని.

మొదట కొలవండి

"సరిగా చల్లబడటం లేదు" అనేది మనసుకు తోచే మాట. దాన్ని అంకెలోకి మార్చండి. బండిని నీడలో పెట్టి, అద్దాలు మూసి, ఏసీ పూర్తి చల్లదనానికి తిప్పి, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి. బ్లోయర్‌ను నడిమి వేగంలో ఉంచండి. మధ్య గాలిద్వారంలో థర్మామీటరు కొన దూర్చి, ఇంజిన్ వేగాన్ని నిమిషానికి 1500 చుట్ల (ఆర్‌పీఎం) దగ్గర నిలిపి పది నిమిషాలు ఆగండి. బయట 35 డిగ్రీలున్నప్పుడు 8 నుంచి 12 మధ్య వస్తే ఏసీ ఆరోగ్యంగా ఉన్నట్టే. బయట 43 ఉండి బండి నిలబడి ఉంటే 15 దాకా చూపినా కంగారు పడనక్కరలేదు. 20 దాటి కదలకుండా ఉంటేనే వెతుకులాట మొదలుపెట్టాలి.

ఎండలో నాలుగు గంటలు నిలిపిన కారులో కూర్చుని రెండో నిమిషంలో తీర్పు చెప్పకండి. సీట్లు, డ్యాష్‌బోర్డు మింగిన వేడి అంతా బయటికి పోవాలి. అద్దాలు దించి ఒకటి రెండు నిమిషాలు నడిపి, ఆ తర్వాత మూస్తే ఎంత మంచి ఏసీకైనా పని సులువవుతుంది.

కొలిచాక లక్షణం ఎటు తీసుకెళ్తుందో చూడండి. గాలే తక్కువగా వస్తోందా? బాగానే వస్తోంది కానీ చల్లగా లేదా? కాజీపేట వంతెన మీద ట్రాఫిక్‌లో ఆగితే వేడిగాలి, హైదరాబాద్ రోడ్డెక్కి వేగం అందుకుంటే చల్లగాలి వస్తోందా? పొద్దున బాగుండి మధ్యాహ్నం చచ్చిపోతోందా? ఒక్కో దానికి దారి వేరు.

గాలి తక్కువైతే

ముందు ఏసీ ఫిల్టరు. చాలా కార్లలో ఎడమ సీటు ముందున్న గ్లోవ్ బాక్స్ వెనక ఉంటుంది. పెట్టె రెండు వైపులా లోపలికి నొక్కితే కిందికి వాలుతుంది, వెనక చిన్న మూత తీస్తే ఫిల్టరు చేతికి వస్తుంది. దాని మీద గాలి వెళ్లే వైపు చూపే బాణం గుర్తు ఉంటుంది. తీసేటప్పుడే ఫోనులో ఫొటో తీసుకోండి. కంపెనీ పుస్తకాలు పది, పదిహేను వేల కిలోమీటర్లకు మార్చమంటాయి. మన దుమ్ముకు అంతకాలం ఆగనక్కరలేదు. మేడారం జాతరకు ఒకసారి వెళ్లివచ్చిన బండి ఫిల్టరు తీసి చూడండి, ఎర్రమట్టి పలకలా ఉంటుంది. దులిపి మళ్లీ పెట్టడం ఒకటి రెండు వారాల సర్దుబాటు మాత్రమే. కాగితం ఫిల్టరును నీళ్లతో కడిగితే పాడవుతుంది.

ఫిల్టరు తీసేసిన చోట టార్చి వేసి చూడటం మరవకండి. వరి కోతల తర్వాత ఊళ్లలో ఆరుబయట నిలిపిన కార్లలో ఎలుకలు గడ్డి, గుడ్డపీలికలు తెచ్చి బ్లోయర్ పక్కనే గూడు కడతాయి. వైర్లు కొరికిన ఆనవాళ్లు కూడా అక్కడే కనిపిస్తాయి.

బ్లోయర్ ఆఖరి వేగంలో మాత్రమే తిరిగి, కింది వేగాలలో పలకకపోతే మోటారు బాగానే ఉంది, దాని వేగం తగ్గించే రెసిస్టర్ పోయింది. చాలా చిన్న కార్లలో అది గ్లోవ్ బాక్స్ కిందే రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. కొత్తది పెట్టేటప్పుడు దాని ప్లగ్గు కరిగిందేమో చూడండి. కరిగిన ప్లగ్గులో కొత్త రెసిస్టర్ పెడితే అదీ కాలుతుంది.

ఇంకో రకం ఉంది. బయల్దేరినప్పుడు గాలి జోరుగా, చల్లగా వస్తుంది. జనగామ దాటేసరికి సన్నగిల్లుతుంది. ఏసీ ఆపి పది నిమిషాలు బ్లోయర్ మాత్రం తిప్పితే మళ్లీ మామూలు. ఇది కూలింగ్ కాయిల్ మీద మంచు గడ్డకట్టడం. ఫిల్టరు మూసుకుపోయినా, కాయిల్ చలిని కొలిచే థర్మిస్టర్ తప్పు చెబుతున్నా, గ్యాస్ కొంచెం తగ్గినా ఇలా జరుగుతుంది. ఫిల్టరు మార్చాక కూడా మంచు పడుతుంటే మిగతా రెండూ షెడ్డు పని.

గాలి బాగుంది, చల్లదనం లేదు

ఇక బానెట్ ఎత్తండి. మన ప్రాంతంలో ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి.

ఏసీ వేసి ఒకటి రెండు నిమిషాలు చూస్తే రేడియేటర్ ముందో వెనకో ఉన్న ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే కండెన్సర్ వేడి ఎక్కడికీ పోదు. ట్రాఫిక్‌లో వేడి, వేగంలో చల్లన అనే లక్షణానికి మొదటి అనుమానితుడు ఈ ఫ్యానే. బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి ఫ్యాన్ పని చేసిపెడుతుంది, ఆగినప్పుడు బండారం బయటపడుతుంది. ఫ్యూజు పెట్టె మూత వెనక బొమ్మలో ఫ్యాన్ ఫ్యూజు, రిలే (కరెంటును కలిపే, ఆపే చిన్న స్విచ్చు పెట్టె) ఎక్కడున్నాయో ఉంటుంది. ఇంజిన్ ఆపి, ఫ్యూజు తీసి చూడండి. రిలే సంగతి తేల్చడానికి అదే పెట్టెలో అదే నంబరున్న మరో రిలేతో, ఉదాహరణకు హారన్‌దానితో, మార్చి చూస్తే చాలు. కాలిన ఫ్యూజు స్థానంలో ఎక్కువ ఆంపియర్లది పెట్టకండి. ఈసారి కాలేది వైరింగు. ఇంజిన్ వేడి ముల్లు కూడా పైకి పోతోందంటే ఏసీ వెంటనే ఆపేయండి.

ఫ్యాన్ తిరుగుతోంది కదా అని ఊరుకోవద్దు. దాని ముందున్న కండెన్సర్‌ను దగ్గరగా చూడండి. చలికాలంలో ఏనుమాముల మార్కెట్‌కు పత్తి లారీలు వెళ్లే దారుల్లో తిరిగిన బండ్లకు సన్నని అల్యూమినియం రెక్కల మధ్య పింజలు దూదిపొరలా పేరుకుంటాయి. గోదావరిఖని, భూపాలపల్లి వైపు బొగ్గుపొడి. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ దుమ్ము. రైసుమిల్లుల దగ్గర ఊక. వీటిలో పింజలే మొండివి, ఎందుకంటే అవి ముందు వల పరుస్తాయి, తర్వాత వచ్చిన దుమ్మంతా ఆ వలకు అతుక్కుంటుంది. పత్తి సీజన్ ముగిసేసరికే ఎండలు ముదురుతాయి. అప్పుడు ఏసీ పట్టు తప్పితే అందరూ గ్యాస్‌నే అనుమానిస్తారు.

కడగడానికి ఒక పద్ధతి ఉంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, వీలైతే తెల్లవారి, మొదలుపెట్టండి. పొడిగా ఉండగానే మెత్తటి బ్రష్షుతో రెక్కలు ఎటు నిలువుగా ఉంటే అటే దువ్వి పింజలు తీసేయండి. తడిపితే అవి ముద్దలై లోపలికి పోతాయి. తర్వాత మామూలు పైపు నీళ్లు, తక్కువ ధారతో, నేరుగా పోయండి. పక్కవాటంగా కొడితే రెక్కలు వంగుతాయి. ఇంజిన్ వైపు నుంచి ముందుకు నీళ్లు పోయగలిగితే మరీ మంచిది, దుమ్ము వచ్చిన దారినే వెనక్కి పోతుంది. కార్లు కడిగే ప్రెషర్ పంపుతో మాత్రం వద్దు. ఆ జోరుకు రెక్కలు పడుకుని గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. యాసిడ్ కలిసిన క్లీనర్లు అల్యూమినియాన్ని తినేస్తాయి.

పై నుంచి టార్చి వేసి కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులోకి చూడండి. ముందు వైపు అద్దంలా ఉండి ఈ సందులో అరచేయి మందాన చెత్త ఉన్న బండ్లు ఉంటాయి. అది తీయాలంటే ముందు బంపరు విప్పాలి. అలవాటు లేకపోతే, గ్యాస్ విప్పకుండా ఆ ఒక్క శుభ్రం మాత్రం చేయమని మెకానిక్‌కు చెప్పండి.

ఇదంతా అయ్యాక మళ్లీ థర్మామీటరు పెట్టండి. మార్పు కళ్లకు కనబడుతుంది.

కంప్రెసర్ అందుకుంటోందా

సహాయానికి ఒకరిని లోపల కూర్చోబెట్టి ఏసీ బటన్ నొక్కమనండి. కంప్రెసర్ ముందున్న చక్రం బెల్టుతో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఏసీ వేయగానే "టక్" మని శబ్దం వచ్చి, చక్రం మధ్యలో ఉన్న పళ్లెం కూడా కలిసి తిరగడం మొదలవ్వాలి. అదే క్లచ్చు. కొన్ని కొత్త కార్ల కంప్రెసర్లకు క్లచ్చే ఉండదు, వాటిలో ఈ శబ్దం కోసం ఎదురు చూడకండి.

పళ్లెం కదలకపోతే ఏసీ ఫ్యూజు, రిలే పైన చెప్పినట్టే చూడండి. అవి బాగుంటే ఇంజిన్ ఆపి, క్లచ్చు ప్లగ్గు విప్పి మల్టీమీటరుతో క్లచ్చులోని తీగచుట్ట (కాయిల్) నిరోధాన్ని కొలవండి. సాధారణంగా 3 నుంచి 5 ఓంల మధ్య ఉంటుంది. ఏమీ చూపకపోతే కాయిల్ తెగింది. కాయిల్ బాగుండి కరెంటే రావడం లేదంటే ప్రెషర్ స్విచ్చు అడ్డుపడుతూ ఉండవచ్చు. గ్యాస్ బాగా తగ్గినా, పీడనం మరీ పెరిగినా అది కంప్రెసర్‌ను కాపాడటానికి ఆపేస్తుంది. ఆ స్విచ్చు వైర్లు రెండూ కలిపి కంప్రెసర్‌ను బలవంతంగా తిప్పి చూసే చిట్కా కొందరు చెబుతారు. వినకండి. గ్యాస్‌తో పాటే తిరిగే నూనె అందక కంప్రెసర్ లోపల అరిగిపోతుంది. అప్పుడు రాలిన లోహపు పొడి గొట్టాలన్నిటికీ పాకుతుంది, వందల్లో పోయే ఖర్చు వేలల్లోకి చేరుతుంది.

పొద్దున అందుకుని, ఇంజిన్ వేడెక్కాక వదిలేసే క్లచ్చు కూడా ఉంటుంది. అరిగి అరిగి పళ్లేనికీ చక్రానికీ మధ్య సందు పెరుగుతుంది, వేడెక్కిన కాయిల్ బలం తగ్గుతుంది, రెండూ కలిసి పట్టు తప్పుతాయి. చాలా బండ్లలో ఆ సందు సరిచేస్తే సరిపోతుంది, కొత్త కంప్రెసర్ అక్కరలేదు. మీకు కొత్త కంప్రెసర్ అంచనా చేతికిస్తే ఈ ప్రశ్న అడగండి.

పైపులు ముట్టుకుని చూడటం

కంప్రెసర్ తిరుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, కండెన్సర్ శుభ్రంగా ఉంది. అప్పుడు ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ దగ్గర రెండు అల్యూమినియం పైపులు కనిపిస్తాయి, ఒకటి సన్నది, ఒకటి లావుది. ఐదు నిమిషాలు ఏసీ నడిచాక ముందు సన్నదాన్ని వేలి వెనక భాగంతో క్షణం పాటు తాకి చూడండి, కాలేంత వేడి ఉండవచ్చు. లావుది చల్లగా, చెమట పట్టి ఉండాలి.

లావుపైపు చల్లగానే ఉండి లోపల గాలి వేడిగా వస్తే గ్యాస్‌ను అనుమానించడం వృథా. చల్లదనం తయారవుతోంది, గాలి దానిలోంచి రావడం లేదు. డ్యాష్‌బోర్డు లోపల వేడి, చల్లగాలులను కలిపే తలుపు ఒకటి ఉంటుంది. ఉష్ణోగ్రత నాబ్‌ను ఒక చివరి నుంచి ఇంకో చివరికి తిప్పుతూ వినండి. టిక్కుటిక్కుమంటూ ఆగని శబ్దం వస్తే ఆ తలుపు తిప్పే చిన్న మోటారు పళ్లు అరిగాయి. కేబుల్‌తో పనిచేసే పాత చిన్న కార్లలో ఆ కేబుల్ క్లిప్పు ఊడిపోతుంది; డ్రైవరు కాళ్ల పక్క నుంచి చేయి పెట్టి మళ్లీ తగిలించవచ్చు.

రెండు పైపులూ ఒకే వేడిలో ఉంటే కంప్రెసర్ తిరుగుతున్నా నెట్టడం లేదు, లేదా గ్యాస్ దాదాపు లేదు. ఇప్పుడు గ్యాస్ మాట ఎత్తవచ్చు.

కారే చోటు వెతకడం

గ్యాస్‌తో పాటు కొద్దిగా నూనె కూడా బయటికి వస్తుంది, ఆ నూనెకు దుమ్ము అంటుకుంటుంది. పైపుల అతుకుల దగ్గర, కంప్రెసర్ ముందు సీలు చుట్టూ, రాళ్లు తగిలే కండెన్సర్ కింది భాగంలో జిడ్డు నల్లమచ్చలు వెతకండి. గ్యాస్ నింపే రెండు వాల్వుల మూతలు తీసి సబ్బునీళ్లు చల్లి, ఇంజిన్ ఆపి ఉంచి, కొన్ని నిమిషాలు చూడండి. బుడగ మెల్లగా ఉబ్బితే దొంగ దొరికినట్టే. ఆ వాల్వులోని పిన్ను మార్చడం చవకైన పని. కూలింగ్ కాయిల్ కారుతుంటే ఇలా కనబడదు. దానికి షెడ్డులో రంగు ద్రవం వేసి అతినీలలోహిత దీపంతో చూస్తారు, లేదా పసిగట్టే పరికరం పెడతారు.

చిన్న డబ్బాలతో ఇంట్లో గ్యాస్ నింపుకునే కిట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వాటి జోలికి పోకండి. కారణం వాటితో వచ్చే, పీడనం చూపే గేజి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు గొట్టాలలో ద్రవం కొంచెం మిగిలి ఉన్నా పీడనం బయటి వేడిని బట్టే ఉంటుంది. ఆర్134ఏ అయితే 35 డిగ్రీలకు సుమారు 115 పీఎస్‌ఐ. గొట్టాలలో అరకిలో గ్యాస్ ఉన్నా, అందులో సగమే ఉన్నా ముల్లు అదే చోట నిలుస్తుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కూడా ఎండ, ఫ్యాన్, ఇంజిన్ వేగం అన్నీ ఆ అంకెను మారుస్తాయి. గ్యాస్ సరిగా ఉందో లేదో తేల్చేది తూకం ఒక్కటే. బానెట్ కింద అంటించిన చీటీలో ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అని రాసి ఉంటుంది. చిన్న కార్లకు సాధారణంగా 400 నుంచి 600 గ్రాముల మధ్య. ఎక్కువ పోసినా నష్టమే. పొద్దున బాగా చల్లబడి, మధ్యాహ్నం 43 డిగ్రీలలో పీడనం హద్దు దాటి కంప్రెసర్ పదేపదే ఆగిపోతుంది. పొద్దున బాగు, మధ్యాహ్నం లేదు అనే బండ్లలో ఇలా ఎక్కువ పోయించుకున్నవీ ఉంటాయి.

వంటగ్యాస్ జాతి మిశ్రమాలను చవకగా పోస్తామనే చోట బండి నిలపకండి. అవి అంటుకునేవి, కూలింగ్ కాయిల్ ఉన్నది మీ మోకాళ్ల ముందు. కొత్త కార్లలో వచ్చే ఆర్1234వైఎఫ్ వేరే గ్యాస్, దాన్ని ఆర్134ఏతో కలపకూడదు.

వాసన, కాళ్ల దగ్గర నీళ్లు

ఎడమ సీటు కింద చాప తడిస్తే కాయిల్ నీళ్లు బయటికి పోయే సన్నని గొట్టం మూసుకుంది. బండి కింద దాని కొన వెతికి మెత్తటి వైరుతో దారి చేయండి. ఆ తడి జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే అది ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్, హీటర్ వైపు లోపం. ముక్కిపోయిన వాసనకు ఇల్లు చేరే ముందు నాలుగైదు నిమిషాలు ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం తిప్పి కాయిల్ ఆరనివ్వడం అలవాటు చేసుకోండి. సెంటు సీసాలు వాసనను దాస్తాయి తప్ప తీసేయవు.

షెడ్డుకు వెళ్లక తప్పనప్పుడు

మీరు కొలిచిన అంకెలు, చూసినవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. బేరం తీరే మారిపోతుంది. ముందు కారే చోటు బాగుచేయమని, ఆ తర్వాతే గ్యాస్ అని గట్టిగా చెప్పండి. విప్పిన ప్రతి అతుకులో కొత్త ఓ-రింగ్ (కారకుండా ఆపే రబ్బరు వలయం) వేయించండి. గొట్టాలలోని గాలిని, తేమను లాగేసే వ్యాక్యూమ్ పంపు కనీసం అరగంట నడవాలి. పంపు ఆపాక ముల్లు కొంతసేపు కదలకుండా నిలవాలి, అది మీరే నిలబడి చూడండి. గొట్టాలలో మిగిలిన తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వులో గడ్డకట్టి మళ్లీ పాత కథ మొదలుపెడుతుంది. గ్యాస్‌ను తూకం మీద పెట్టి చీటీలో ఉన్నన్ని గ్రాములే పోయించి, ఆ అంకెను బిల్లు మీద రాయించండి. అయ్యాక అక్కడే థర్మామీటరు పెట్టి చూడండి.

గ్యాస్ నింపిన రెండు వాల్వులకూ ప్లాస్టిక్ మూతలుంటాయి. వాటి లోపలి రబ్బరే కారకుండా ఆపే రెండో అడ్డు. పని హడావిడిలో వాటిని రేడియేటర్ మీద పెట్టి మరచిపోవడం మామూలే. తాళం చేతికి తీసుకునే ముందు బానెట్ ఎత్తి రెండు మూతలూ బిగించి ఉన్నాయేమో చూసుకోండి.